ముగియని లెక్క

చదువవలసిన భాగములు: ఫిలిప్పీయులకు 3:4–14, 1 కొరింథీయులకు 9:24–27

అమెరికా దేశీయుల బేస్‌బాల్ ఆటలో ఔట్‌ఫీల్డర్ అనువాడు క్రికెట్టులో బౌండరీ దగ్గర నిలుచు ఆటగాని వంటివాడు. బంతి విసరువాడును కొట్టువాడును ఎదురెదురుగా పోరాడుచుండగా, ఇతడు దూరమున ఒంటరిగా నిలిచి కనిపెట్టుచుండును. చాలసేపు ఏ బంతియు అతనియొద్దకు రాదు. వచ్చిన క్షణమున పరుగెత్తనియెడల అంతవరకు కనిపెట్టినదంతయు వ్యర్థమగును. 1883 నుండి 1890 వరకు ఎనిమిది సంవత్సరములు అట్టి స్థానమున ఆడి, పిమ్మట సువార్తికుడుగా దేశమంతట పేరుగాంచినవాడు విలియం ఆష్లీ సండే. జనులు ఆయనను బిల్లీ సండే అని పిలిచిరి.

ఆయన 1862 నవంబరు 19న అయోవా రాష్ట్రమున జన్మించెను. అంతర్యుద్ధమున సైనికుడైన తండ్రి, బిడ్డ పుట్టిన ఐదు వారములకే, వాని ముఖమైనను చూడకయే శిబిరమున రోగగ్రస్తుడై మరణించెను. పేదరికమును భరింపలేక తల్లి పదియేండ్ల ఈ బాలుని, అతని అన్నను సైనికుల అనాథ బిడ్డల ఆశ్రమమునకు పంపవలసివచ్చెను. ఆ బాలునికి ఆస్తి లేదు, అండ లేదు. ఉన్నదెల్ల కాళ్లలోని వేగము మాత్రమే.

ఆ వేగమును గూర్చి విని షికాగో జట్టు నాయకుడైన ఆన్సన్ 1883లో అతనిని చేర్చుకొనెను. మొదటి ఆటలో నాలుగు పర్యాయములు బ్యాటు పట్టి, నాలుగు పర్యాయములును విఫలుడై అతడు తిరిగివచ్చెను. అయినను నాయకుడు అతనిని విడిచిపెట్టలేదు. షికాగో, పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా జట్లలో అతడు మొత్తము 499 ఆటలు ఆడెను. బ్యాటింగులో అతని సగటు .248, అనగా నాలుగు పర్యాయములలో ఒకసారి సఫలుడాయెనన్నమాట. అతడు గొప్ప బ్యాట్స్‌మన్ కాడు. కాని ప్రతిపక్షము చూచుచుండగనే ఒక బేసు నుండి మరియొక బేసునకు పరుగెత్తి చేరుటలో అతనికి సాటియైనవారు కొద్దిమందియే. 1890వ సంవత్సరములో మాత్రమే 84 పర్యాయములు అట్లు చేసెను.

షికాగోలో ఆడుచున్న దినములలో, 1886 ప్రాంతమున, ఒక ఆదివారము తోటి ఆటగాండ్రతో త్రాగి వీధిలో కూర్చుండగా, సువార్త బృందమొకటి పాడుచున్న పాటలు అతని చెవిని పడెను. అవి బాల్యమున తల్లి పాడిన పాటలే. వాటిని వెంబడించి అతడు పసిఫిక్ గార్డెన్ మిషను అను సువార్త మందిరమునకు వెళ్లనారంభించెను. దిక్కులేని త్రాగుబోతుల నిమిత్తము కర్నల్ జార్జి క్లార్క్, ఆయన భార్య సేరా 1877లో స్థాపించిన మందిరమది. అనాథగా పెరిగినవాడు అక్కడ తండ్రిని కనుగొనెను.

అతడు రక్షణ పొందిన మరునాడే ఆటను విడువలేదు. విశ్వాసియైన పిమ్మట కూడ కొన్ని సంవత్సరములు అదే మైదానమున, అదే దుస్తులలో ఆడెను. ఆట పాపము కాదు. జీతము కొరకు ఆడుట పాపము కాదు. ప్రభువు పిలుచువరకు ఆ మైదానమే అతని విధేయతకు స్థలము. దూరమున నిలిచి కనిపెట్టుటకు అలవాటుపడినవానికి, పిలుపు కొరకు కనిపెట్టుట కూడ విశ్వాసములోని భాగమేయని తెలిసియుండవచ్చును.

1891లో ఆ పిలుపు వచ్చెను. ఫిలడెల్ఫియా జట్టుతో చేసికొనిన ఒప్పందము నుండి విడుదల కలుగవలెనని అతడు ప్రార్థించెను, విడుదల కలిగెను. అంతలోనే సంవత్సరమునకు 3,500 డాలర్ల జీతమిత్తుమని మరియొక పిలుపు వచ్చెను. షికాగో వై.ఎం.సి.ఎ.లో సువార్తపనికి లభించునది నెలకు 83 డాలర్లు మాత్రమే. అప్పటికి అతడు వివాహితుడు, ఒక బిడ్డకు తండ్రి. ఆ గృహమున 3,500 అను అంకె చిన్నది కాదు. అతడు 83 డాలర్ల పనిని ఎన్నుకొనెను.

ఫిలిప్పీ పత్రికలో పౌలు వాడిన లాభము, నష్టము అను మాటలు వర్తకుని లెక్కల పుస్తకములో ఇముడు మాటలు. అతడు నష్టపు పుటలో వ్రాసినవి దుష్కార్యములు కావు. వంశము, విద్య, ధర్మశాస్త్రనిష్ఠ. మంచివాటినే అతడు క్రీస్తు నిమిత్తము నష్టముగా లెక్కించెను. మూలభాషలో ఇంకొక విశేషమున్నది. ఏడవ వచనమున ఆ లెక్కింపు జరిగిపోయిన కార్యముగా చెప్పబడినది. ఎనిమిదవ వచనమున అదే క్రియ ఇంకను జరుగుచున్న కార్యముగా చెప్పబడినది. దమస్కు మార్గమున లెక్క వ్రాసిన అపొస్తలుడు, సంకెళ్లలో నుండియు అదే లెక్కను మరల వ్రాయుచున్నాడు. ఒకనాటి త్యాగము నేటికి చాలదు.

బిల్లీ సండే జీవితపు ఉత్తరభాగము ఈ సత్యమునకు సాక్ష్యము. 1896లో అయోవాలోని గార్నర్ అను చిన్న పట్టణమున ఆయన స్వయముగా కూటములు ప్రారంభించెను. ఇరువది సంవత్సరములు గడువకముందే మహానగరములలో ఆయన కొరకు కొయ్యతో విశాలమైన గుడారములు కట్టబడెను. నెలకు 83 డాలర్లను ఎన్నుకొనినవాని చేతికి ఇప్పుడు విస్తారమైన ధనము వచ్చెను. 1917లో న్యూయార్కు కూటముల కానుక 1,20,500 డాలర్లను యుద్ధకాల సహాయ కార్యములకును, 1918లో షికాగో కానుక సుమారు 58,000 డాలర్లను తాను రక్షింపబడిన పసిఫిక్ గార్డెన్ మిషనునకును ఆయన ఇచ్చివేసెను. ఆ ఘడియలలో లెక్క మరల సరిగా వ్రాయబడెను.

కాని గృహమున వేరొక లెక్క మిగిలియుండెను. తండ్రి, అనేక సంవత్సరములు తల్లియు, ఊరూర కూటములలో నుండగా, కుమారులు తండ్రి ప్రసంగపీఠము నుండి ఖండించిన మార్గములలోనే నడిచిరి. 1932లో కుమార్తె, 1933లో జ్యేష్ఠ కుమారుడు తండ్రికంటె ముందుగా మరణించిరి. తండ్రి ముఖమెరుగక పెరిగిన బాలుడు, వేలమందికి పరలోకపు తండ్రిని చూపినవాడు, తన కుమారులకు తగినంత సమయమియ్యగలిగెనా? ఆయనను నిందించుటకు ఎవరికిని అధికారము లేదు. కుమారులు ఎన్నుకొనిన త్రోవలన్నిటికి తండ్రియే ఉత్తరవాది కాడు. అయినను ఆ ప్రశ్నను దాటిపోవుట సేవకులకు క్షేమము కాదు. ఇతరులకు ప్రకటించిన పిమ్మట తానే తగనివాడగుదునేమోయని పౌలు భయపడెను. ధనమును విడిచినవానికి సేవయే మరియొక ధనము కావచ్చును. జీతమును బలిపీఠముమీద ఉంచినవాడు, దేవుడు కోరని బిడ్డలను కూడ తెలియకయే అక్కడ ఉంచవచ్చును.

కావున 3,500 డాలర్లను ఎన్నడును చూడని విశ్వాసికి కూడ ఈ చరిత్ర చెందును. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు, సంఘమునుండి సంఘమునకు బదిలీయగు కాపరి, రాత్రి పనికి వెళ్లు నర్సు, ప్రతివాడును ప్రతి ఉదయమున అడుగవలసిన ప్రశ్న ఇది: నిన్న విడిచినది నేడు వేరొక పేరుతో చేతిలోనికి తిరిగివచ్చెనా? దేవుడు నేడు అడుగుచున్నది కూటమా, లేక బిడ్డ ప్రక్కను కూర్చుండు ఒక సాయంకాలమా?

1935 నవంబరు 6న బిల్లీ సండే ప్రభువునందు నిద్రించెను. అంతకు వారము ముందు చేసిన కడపటి ప్రసంగమునకు ఆయన ఎన్నుకొనినది, ఫిలిప్పీ పట్టణపు చెరసాల నాయకుడు రక్షణను గూర్చి అడిగిన ప్రశ్న. యౌవనమున షికాగో వీధినుండి ఆయన తీసికొనివెళ్లిన ప్రశ్నయు అదియే. పరుగులు, కానుకలు, జనసమూహములు, కన్నీళ్లు అన్నియు గడచిన పిమ్మట మిగిలినది క్రీస్తు కృప మాత్రమే. లెక్కలో మనము తప్పినచోటను ఆ కృప తప్పదు.

ప్రార్థన: ప్రభువా, ఒకప్పుడు నీ కొరకు విడిచినవాటిని నేడును విడుచుటకు కృపనిమ్ము. నీ పనిపేరిట మేము మరచిన మా ఇంటివారిని మాకు జ్ఞాపకము చేయుము. కనిపెట్టవలసినప్పుడు ఓర్పును, పరుగెత్తవలసినప్పుడు త్వరను దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.