సంతానం కలగకపోతే తప్పెవరిది?

పెళ్లయి మూడు నెలలు నిండకముందే ఆ ప్రశ్న మొదలవుతుంది. “ఏమైనా విశేషమా?” అని అత్తగారు అడుగుతుంది, ఆడపడుచు అడుగుతుంది, వలీమాకు వచ్చి భోంచేసి వెళ్లిన ఎదురింటావిడ కూడా అడుగుతుంది. ఏడాది దాటితే ఆ ప్రశ్న గొంతు మారుతుంది. రెండేళ్లు దాటేసరికి అది ప్రశ్నగా కూడా ఉండదు, తీర్పుగా మారిపోతుంది. అందరూ కోడల్నే అడుగుతారు. కొడుకును అడిగేవారు ఎవరూ కనిపించరు.

ఇంతకూ సంతానం లేకపోవడం నేరమా? దైవశిక్షా? దివ్యఖుర్ఆన్ ఏమంటున్నదో చూద్దాం. అష్‌షూరా సూరా 49, 50 ఆయతుల్లో అల్లాహ్ ఈ విషయంలో మనుషులను నాలుగు విధాలుగా పేర్కొన్నాడు. ఆయన కొందరికి ఆడపిల్లలను, కొందరికి మగపిల్లలను, కొందరికి ఇరువురినీ ప్రసాదిస్తాడు. మరి కొందరిని సంతానం లేనివారిగా ఉంచుతాడు. (ఆడపిల్లల ప్రస్తావనే ముందు వచ్చిన సంగతిని మనవడి కోసం మొక్కుకునేవారు గుర్తించాలి.) ఈ నాలుగింటికీ చెప్పిన కారణం ఒక్కటే: ఆయన సర్వం తెలిసినవాడు, సర్వశక్తిమంతుడు. నాలుగో వర్గం వారు ఏదో పాపం చేశారన్న మాట అక్కడ ఎక్కడా లేదు. అల్లాహ్ వేయని నింద వేయడానికి మనమెవరం? విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)కు సంతానం కలగలేదు. తన అక్క కుమారుడు అబ్దుల్లాహ్ పేరు మీదుగా ఆమె ‘ఉమ్మె అబ్దుల్లాహ్’ అని పిలిపించుకున్నారు. ఆ కారణంగా ఆమె గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు.

ఇక రెండో ప్రశ్న. అంతా అల్లాహ్ అభీష్టమే అయినప్పుడు డాక్టర్లెందుకు, పరీక్షలెందుకు అని కొందరు అడుగుతారు. ఒంటెను వదిలేసి దైవం మీద భారం వేయాలా, కట్టేసి భారం వేయాలా అని అడిగిన పల్లెవాసికి దైవప్రవక్త (స) కట్టేసి నమ్ముకోమనే చెప్పారు. చికిత్స చేయించుకోండి, మందు లేకుండా అల్లాహ్ ఏ వ్యాధినీ దించలేదని కూడా ఉపదేశించారు. వృద్ధాప్యం ఒక్కటే దానికి మినహాయింపు. కనుక మందు వాడటం నమ్మకానికి విరుద్ధం కాదు. నమ్మకానికి విరుద్ధమైనవి వేరే ఉన్నాయి. తావీజులు, మంత్రించిన దారాలు, సమాధుల దగ్గర కట్టే ఉయ్యాలలు, గది తలుపులు మూసి ‘చికిత్స’ చేసే బాబాలు. ఈ చివరి రకం వల్ల విశ్వాసంతో పాటు మానమూ పోగొట్టుకున్న స్త్రీల గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

అయితే మమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నది మరొకటి. ‘అల్లాహ్ ఇచ్చినప్పుడు ఇస్తాడులే’ అనే మాట చాలా ఇళ్లలో ఒకరి విషయంలోనే వినిపిస్తుంది. భార్యను మూడు ఆస్పత్రులు తిప్పుతారు, స్కానింగులు తీయిస్తారు, సూదులు వేయిస్తారు. భర్త వీర్యపరీక్ష మాట ఎత్తగానే ఆయనకు తవక్కుల్ గుర్తుకొస్తుంది. ఇది దైవం మీద నమ్మకం కాదు, పరువు మీద భయం. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుని వైపు లోపం కూడా ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. పైగా అన్ని పరీక్షల్లోకీ తేలికైనది, చవకైనది, నొప్పి లేనిది పురుషుడికి చేసేదే. దాన్ని ముందు చేయించుకోకుండా భార్య కడుపు మీద కెమెరా గొట్టం పెట్టించే పరీక్షకు సంతకం చేయడం ఏం న్యాయం?

మర్యమ్ సూరా ప్రారంభంలో హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) చేసుకున్న దుఆను ఒకసారి శ్రద్ధగా చదవండి. ఆయన తన ప్రభువును మెల్లగా వేడుకుంటూ మొదట చెప్పుకున్నది తన బలహీనతనే. తన ఎముకలు బలహీనపడ్డాయని, తల నెరిసిందని విన్నవించుకున్నారు. ఆ తర్వాతే తన భార్య గొడ్రాలన్న మాట వచ్చింది. ఒక దైవప్రవక్త తన లోపాన్ని ముందు చెప్పుకోగా లేనిది, మన యువకులకు ల్యాబులో డబ్బా పట్టుకోవడానికి సిగ్గు ఏమిటి?

ఆ సిగ్గుకు ఒక ధార్మిక సందేహం కూడా తోడవుతుంది, దాన్ని దాచవలసిన పని లేదు. నమూనా ఎలా సేకరించాలి అన్నదే ఆ సందేహం. భార్య సహాయంతో సేకరించడంలో అభ్యంతరం లేదు. ఇల్లు దగ్గరైతే ఇంట్లోనే సేకరించి, శరీరపు వేడికి దగ్గరగా ఉంచి, గంట లోపల ల్యాబుకు చేర్చవచ్చు. వీర్యకణాలను చంపే మందు పూయని ప్రత్యేకమైన తొడుగులు కూడా ఉన్నాయి. మామూలు కండోములు ఇందుకు పనికిరావు. పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజుల వరకు దూరంగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు కనీస స్థాయి. అంతకు తక్కువ వచ్చినంత మాత్రాన ఇక పిల్లలు పుట్టరని అర్థం కాదు. జ్వరం వచ్చి తగ్గినా కొన్ని వారాలు సంఖ్య పడిపోతుంది. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి కుంగిపోకుండా సుమారు మూడు నెలలకు మళ్లీ చేయించాలి. వీర్యకణం తయారు కావడానికి 70 రోజులకు పైగా పడుతుంది. ఈ రోజు గుట్కా, సిగరెట్టు మానేసినవాడు దాని ఫలితం చూడాలంటే మూడు నెలలు ఓపిక పట్టవలసిందే. జిమ్ముల్లో కండల కోసం తీసుకునే హార్మోన్ ఇంజెక్షన్లు వీర్యకణాల ఉత్పత్తిని పూర్తిగా ఆపేయగలవన్న సంగతి మన కుర్రాళ్లకు తెలియదు. ఏమి కలిపారో చెప్పని ‘శక్తి’ పొడుల జోలికి కూడా పోవద్దు.

భార్యాభర్తలు ఇద్దరికీ తెలిసి ఉండవలసిన లెక్క ఒకటుంది. స్త్రీ శరీరంలో అండం విడుదలైన తర్వాత అది ఒక్క రోజుకు మించి బతకదు. వీర్యకణాలు మాత్రం ఆమె గర్భంలో అయిదు రోజుల వరకు బతకగలవు. అంటే నెలకు ఆరు రోజులే అవకాశం: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందటి అయిదు రోజులు. అండం విడుదల తర్వాతి బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు జరుగుతుంది. 28 రోజుల క్రమం ఉన్నవారికి 14వ రోజు ప్రాంతంలో, 32 రోజుల క్రమం ఉన్నవారికి 18వ రోజు ప్రాంతంలో అన్నమాట. ఆ రోజుల్లో స్రావం పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగుతూ ఉంటుంది. తేదీ కోసం పొదుపు చేసుకుని ఒక్క రోజే కలవడం కంటే రెండు మూడు రోజులకోసారి కలుస్తూ ఉండటమే మేలు.

ఈ విషయంలో ముస్లిమ్ స్త్రీకి ఒక సౌలభ్యం ఉంది. నమాజు కోసం, రోజాల కోసం ఆమె హైజ్ మొదలైన రోజు, ముగిసిన రోజు గుర్తుంచుకుంటూనే ఉంటుంది. ఆ తేదీలను ఒక క్యాలెండరు మీద రాసిపెట్టుకుంటే చాలు. నాలుగైదు నెలల తేదీలు డాక్టరు ముందు పెడితే సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. హైజ్ రోజుల్లో కలయిక నిషిద్ధం. సాధారణ క్రమం ఉన్నవారికి దీనివల్ల అవకాశం ఏమీ తగ్గదు, ఎందుకంటే ఫలవంతమైన రోజులు స్నానం చేసి శుద్ధి పొందిన తర్వాతే వస్తాయి. కానీ 21, 22 రోజులకే బహిష్టు వచ్చేవారికి, రక్తస్రావం ఎక్కువ రోజులు ఉండేవారికి ఆ రోజులు కొంత కలిసిపోవచ్చు. అలాంటివారు డాక్టరుతో దాచకుండా చెప్పాలి, చికిత్స ఉంది. హనఫీ ఫిఖ్ ప్రకారం పది రోజులు దాటిన రక్తస్రావం హైజ్ కాదు కాబట్టి అప్పుడు కలయికకు అడ్డు లేదన్నది కూడా తెలిసి ఉండాలి.

రమజాన్ నెల మొత్తం దూరంగా ఉండటమే భక్తి అనుకునే దంపతులూ ఉన్నారు. అల్‌బఖరా సూరా 187వ ఆయతు రోజా రాత్రుల్లో కలయికను ధర్మసమ్మతం చేసింది. అల్లాహ్ మీకోసం రాసిపెట్టిన దాన్ని అన్వేషించుకోండన్న ఆ ఆయతులోని ఆదేశానికి చాలామంది వ్యాఖ్యాతలు సంతానం అనే అర్థం చెప్పారు. సహరీ వేళకు స్నానం చేయలేకపోయినా రోజా చెల్లుతుంది, ఫజ్ర్ నమాజుకు ముందు చేస్తే సరిపోతుంది. ఏడాదికి ఉన్న పన్నెండు అవకాశాల్లో ఒకదాన్ని ఎందుకు వదులుకోవాలి?

ఎంతకాలం వేచి చూడాలి? కలిసి కాపురం చేస్తున్న 100 జంటల్లో 80కి పైగా ఏడాదిలోపే శుభవార్త వింటాయి. మిగిలినవారిలో దాదాపు సగం మందికి రెండో ఏడాది కలుగుతుంది. కాబట్టి ఆరు నెలలకే కంగారు అక్కరలేదు. ఏడాది దాటితే ఇద్దరూ కలిసి వెళ్లాలి. భార్యకు 35 ఏళ్లు దాటి ఉంటే ఆరు నెలలకే వెళ్లాలి. బహిష్టులు క్రమం తప్పినా, లోగడ క్షయ వ్యాధి వచ్చి ఉన్నా అంతకాలం కూడా ఆగకూడదు. మన దేశంలో క్షయ గర్భనాళాలకు సోకి మూసివేయడం అరుదైన సంగతేమీ కాదు. థైరాయిడ్, మధుమేహం పరీక్షలు చేయించుకోవాలి. గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచే స్త్రీ రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము లోపాలను అది చాలావరకు నివారిస్తుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ దొరికే మాత్రే అది.

గల్ఫ్‌లో పనిచేసే సోదరుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. కడప, నిజామాబాద్, కరీంనగర్, హైదరాబాద్ పాతబస్తీ – ఎక్కడ చూసినా ఇదే కథ. పెళ్లయిన నెలకే భర్త విమానం ఎక్కుతాడు, రెండేళ్లకోసారి నెలో, నెలన్నరో సెలవు మీద వస్తాడు. నాలుగేళ్లు తిరిగేసరికి ‘నాలుగేళ్లయినా కడుపు పండలేదు’ అని ఇంట్లో గుసగుసలు. లెక్క వేసి చూడండి. నాలుగేళ్లలో వారు కలిసి ఉన్నది మూడు నాలుగు నెలలు. ఫలవంతమైన రోజులు వచ్చింది మూడు నాలుగుసార్లు, అందులో ఒకటి సెలవు మొదలుకాకముందే దాటిపోయి ఉండవచ్చు. ఆ అమ్మాయికి ఇంకా ఏడాది కూడా నిండలేదు! వైద్యుల లెక్కలో ఆమెకు ఏ లోపమూ లేదు, అయినా అత్తింట్లో ఆమె దోషి. ఇలాంటివారు టికెట్ కొనేముందు భార్య తేదీలు కనుక్కుని కొనాలి. వీర్యపరీక్ష అక్కడే చేయించుకుని రావడం ఇంకా మంచిది. బేకరీల్లో, కొలుముల దగ్గర, వేడిలో గంటల తరబడి పనిచేసేవారికి ఇది మరీ అవసరం. సెలవు చివరి వారంలో డాక్టరు దగ్గరికి పరిగెత్తితే ఏ చికిత్సా పూర్తి కాదు.

రెండో పెళ్లి విషయం కటువుగానే చెప్పవలసి ఉంది. షరీఅత్ న్యాయం షరతు మీద దానికి అనుమతించింది. తన పరీక్ష చేయించుకోకుండా, భార్య గొడ్రాలని ప్రచారం చేసి మరో అమ్మాయిని తెచ్చుకునేవాడు ఆ షరతును మొదటి రోజే తుంచేస్తున్నాడు. లోపం తనలోనే ఉంటే ఇద్దరి జీవితాలు పాడుచేసినవాడవుతాడు. రేపు అల్లాహ్ సమక్షంలో నిలబడి దీనికి ఏమని సమాధానం చెప్పుకుంటాడు? అబ్బాయి తరఫున సంబంధం మాట్లాడే పెద్దలు, నికాహ్ చదివే ఖాజీలు ఆ రిపోర్టు ఏదని ఒక్క మాట అడిగితే ఎంతో అన్యాయం ఆగుతుంది.

మందులతో పని జరగనప్పుడు టెస్ట్ ట్యూబ్ పద్ధతి ప్రస్తావన వస్తుంది. 1978లో ఇంగ్లాండులో తొలి శిశువు పుట్టినప్పటి నుంచి ఉలమాలు దీన్ని చర్చించారు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానం సారాంశం ఇది: వీర్యం భర్తది, అండం భార్యది, గర్భం ఆ భార్యదే అయినప్పుడు, అవసరం కొద్దీ, తగిన జాగ్రత్తలతో చేయించుకోవచ్చు. పరాయివాడి వీర్యం, పరాయి స్త్రీ అండం, అద్దె గర్భం, చివరికి అదే భర్తకు చెందిన రెండో భార్య గర్భం కూడా నిషిద్ధం. భర్త చనిపోయాక, తలాఖ్ అయ్యాక భద్రపరచిన పిండాన్ని వాడుకోవడానికీ వీల్లేదు. మన దేశంలో 2021 చట్టం ప్రకారం ఇలాంటి ఆస్పత్రులన్నీ రిజిస్టరై ఉండాలి, దంపతుల లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలి. సంతకం పెట్టే ఫారంలో దాత ప్రస్తావన ఉందేమో చదివించుకుని మరీ పెట్టండి. “మా ఇద్దరివి తప్ప మరొకరివి వద్దు” అని నోటితోనూ కాగితం మీదా చెప్పండి. ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఫలితం మొదటిసారే దక్కుతుందన్న హామీ లేదు. వడ్డీకి తెచ్చి చేయించుకోవడాన్ని మేము సమర్థించలేము. స్థోమత లేకపోతే ఆగిపోవడంలో పాపం లేదు.

కొందరు అనాథను తెచ్చి పెంచుకుంటారు. అది ఎంతో పుణ్యకార్యం. అల్‌అహ్‌జాబ్ సూరా 4, 5 ఆయతుల ప్రకారం బిడ్డను కన్నతండ్రి పేరుతోనే పిలవాలి, మనం పోషకులమే అవుతాం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు ద్వారా సంరక్షకులుగా నియమితులు కావచ్చు. బిడ్డకు రెండేళ్లు నిండకముందే భార్య అక్కచెల్లెళ్లలో ఎవరైనా, ఆడపిల్లయితే భర్త అక్కచెల్లెళ్లలో ఎవరైనా పాలిస్తే పాల బంధుత్వం ఏర్పడి రేపు పర్దా సమస్య రాదు. పెంచుకున్న బిడ్డకు వారసత్వ వాటా రాదు కానీ, బతికుండగానే హిబా చేయవచ్చు, ఆస్తిలో మూడో వంతు దాకా వసీయత్ రాయవచ్చు. ఆ కాగితాన్ని ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే, సాక్షుల సమక్షంలో రాయించి పెట్టుకోవాలి.