‘టక్’మన్న చప్పుడు ఏ ప్రమాణం?

గేర్‌బాక్సు దించి, క్లచ్ ప్లేటు తీసి, పాత ఫ్లైవీల్ స్థానంలో బయటి కంపెనీ చేసిన తేలికపాటి ఫ్లైవీల్ ఎక్కిస్తాడు మెకానిక్. బోల్టులు ఆరో ఎనిమిదో ఉంటాయి. టార్క్ రెంచ్ ‘టక్’మన్నప్పుడల్లా ఒకటి బిగిసిందనుకుని ఎదుటి బోల్టుకు వెళ్తాడు. గేర్‌బాక్సు మళ్లీ ఎక్కాక వాటిని చూసే వీలే ఉండదు. బిగిశాయని అతనికి ఎలా తెలుసు? మన తార్కికులు వందల ఏళ్లు వాదించుకున్న ప్రమాణాల (నిజాన్ని తెలుసుకునే మార్గాల) చర్చ అంతా ఈ ప్రశ్నలో ఉంది.

ప్రత్యక్షం, అంటే నేరుగా చూసి తెలుసుకోవడం, ఇక్కడ పనిచేయదు. బిగించిన బోల్టు కాస్త సాగుతుంది. మళ్లీ ముడుచుకోవాలని అది లాగే బలమే ఫ్లైవీల్‌ను క్రాంక్‌షాఫ్ట్ ముఖానికి అదిమి పెడుతుంది. ఇంజన్ శక్తి ప్రధానంగా ఆ రెండు ముఖాల రాపిడి మీదుగానే దాటుతుంది. అదుముడు తగ్గితే ఫ్లైవీల్ వెంట్రుకవాసి కదులుతుంది, దెబ్బ బోల్టు మీద పడుతుంది, అది కొన్నాళ్లకు అలిసి తెగుతుంది. కనెక్టింగ్ రాడ్ బోల్టుకైతే చాలాచోట్ల రెండు కొనలూ చేతికందుతాయి కాబట్టి సాగుదలను కొలవచ్చు. ఫ్లైవీల్ బోల్టు కొన క్రాంక్‌షాఫ్ట్ లోపలికి పోతుంది.

ఇక శబ్దప్రమాణం, అంటే నమ్మదగినవాడి (ఆప్తుడి) మాట. బోల్టు తల మీద 10.9 అని ఉంటే అది చదరపు మిల్లీమీటరుకు సుమారు 1000 న్యూటన్ల లాగుడును తట్టుకోగలదని, అందులో తొంభై శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని అర్థం. 12.9 ఇంకా గట్టిది. కొనేవాడు ఆ అంకెను ఆప్తవాక్యంగా తీసుకుంటాడు. 1980లలో అమెరికాలో ఆ నమ్మకం దెబ్బతింది. పై గ్రేడు గుర్తు కొట్టిన నాసిరకం బోల్టులు సైన్యం దాకా చేరాయని తేలి, 1990లో అక్కడి కాంగ్రెస్ బోల్టుల నాణ్యత కోసమే ఒక చట్టం చేసింది. మాట ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడై ఉండాలన్న నైయాయికుల (న్యాయదర్శనం వాళ్ల) షరతు చివరికి చట్టసభకు ఎక్కిందన్నమాట.

మిగిలింది అనుమానం, అంటే ఒక గుర్తును బట్టి ఊహించడం. టార్క్, అంటే చెప్పినంత తిప్పుడు బలం, వచ్చింది కాబట్టి బోల్టు సాగి ఉంటుంది. ఇలాంటి ఊహలో లొసుగు ఎక్కడుందో 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో చూపించాడు. పొగ ఉంటే నిప్పు ఉందనవచ్చు. నిప్పు ఉంది కాబట్టి పొగ కూడా ఉందంటే మాత్రం చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. తడి కట్టె తగిలితేనే పొగ. ఆ దాగిన షరతుకే తర్కంలో ఉపాధి అని పేరు.

గ్యారేజీలో ఆ ఇనుప గుండు పొడవెక్కువైన బోల్టు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసి ఒకే దిమ్మగా ఉండే రకం వేసినప్పుడు బిగింపు మందం మారవచ్చు. పాత బోల్టే వాడితే దాని కొన గుంత అడుగును తన్నుకోవచ్చు. రెంచ్ నిజాయితీగా టక్‌మంటుంది, ఫ్లైవీల్ మీద అదుముడు మాత్రం ఉండదు.

తడి కట్టె స్థానంలో ఉన్నది థ్రెడ్ల స్థితి. చేతి బలంలో దాదాపు సగం బోల్టు తల కింది రాపిడికి, నలభై శాతం థ్రెడ్ల రాపిడికి పోతుంది. సాగదీయడానికి మిగిలేది సుమారు పది శాతం. ఎండిన పాత లాకింగ్ జిగురు థ్రెడ్లలో ఉండిపోతే బోల్టు చాలినంత సాగకముందే రెంచ్ పలుకుతుంది. పొడి థ్రెడ్లకు చెప్పిన అంకెను నూనె పూసిన బోల్టుకు వాడితే అది హద్దు దాటి సాగుతుంది. అందుకే టార్క్ అంకె పక్కనే ఏ నూనె, ఏ జిగురు అన్నది కూడా చూడాలి. చాలా ఇంజన్లలో ఈ బోల్టు రంధ్రాలు లోపలి ఆయిల్ దాకా తెరుచుకుని ఉంటాయి. అక్కడ సీలెంట్ పూయకపోతే ఆయిల్ క్లచ్ మీదికి కారుతుంది.

కొన్ని కంపెనీలు హేతువునే, అంటే ఊహకు ఆధారమైన గుర్తునే, మార్చేశాయి. ఫోక్స్‌వాగన్ పలు ఇంజన్లకు 60 న్యూటన్ మీటర్ల దాకా బిగించి, ఆపైన పావు చుట్టు తిప్పమంటుంది. ఆ పావు చుట్టులో సాగుదలను థ్రెడ్ వాలు నిర్ణయిస్తుంది, రాపిడి పెత్తనం బాగా తగ్గుతుంది. ఇలాంటి బోల్టు ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు.

ఇంతకీ రెంచ్ సరైనదేనా? ఐఎస్ఓ 6789 ప్రకారం మామూలుగా 5000 బిగింపులకో 12 నెలలకో దాన్ని పరీక్షించాలి. పరీక్షించే యంత్రాన్ని మరొకటి పరీక్షించాలి. ఒక జ్ఞానం నిజమని తేల్చడానికి ఇంకో జ్ఞానం కావాలంటే అనవస్థ (అంతులేని గొలుసు) తప్పదని మరో దర్శనం వాళ్లైన మీమాంసకులు నైయాయికులను నిలదీసింది సరిగ్గా ఇక్కడే. బాధకం (దాన్ని తప్పని చూపేది) కనిపించేదాకా జ్ఞానం స్వతహాగానే ప్రమాణమని వాళ్ల వాదం. పని ఫలిస్తే జ్ఞానం నిజమని తేలుతుందన్నది నైయాయికుల జవాబు. ఫ్లైవీల్ ఇద్దరినీ ఇరుకున పెడుతుంది. చాలని బిగింపు మొదటి రోజు బండిని హాయిగానే నడిపిస్తుంది. బాధకం తెగిన బోల్టు రూపంలో వస్తే అప్పటికి ఆలస్యమైపోయినట్టే. అందుకని బండి నడుస్తోంది కదా అన్న సాక్ష్యాన్ని మెకానిక్ లెక్కలోకి తీసుకోడు. థ్రెడ్లు తోమడం, పొడవు కొలవడం, చెప్పిన నూనే రాయడం వంటి ఉపాధి పనులన్నీ గేర్‌బాక్సు ఎక్కించక ముందే ముగిస్తాడు.