పొద్దు పోని లోకములు

కార్తికమాసపు వేకువను, నారాయణఖేడులో, మా పెద్దమ్మ వాకిట సానుపు చల్లి, ముగ్గు గిన్నె చేతబట్టుకొని, వంగబోయి ఆగినది. ముందునాటి రాత్రి మనుమడు చదివి వినిపించిన, అంగారకునిపై మనుష్యులు ఊళ్ళు కట్టుకొను కథ ఆమె మనస్సులో ఇంకను మెదలుచుండెను గాబోలు, నా వంక తిరిగి, 'ఆడ పొద్దెప్పుడు పొడుస్తదట బిడ్డా?' అని అడిగినది. గాలి ఉండునా, నీరు దొరకునా యని అడుగలేదు.

1942లో జాక్ విలియమ్సన్ అను అమెరికా కథకుడు, పరగ్రహములను భూమివలె తీర్చుటకు టెర్రాఫార్మింగ్ అను పేరు పెట్టినది మొదలు, ఆ కోవ కథలు వ్రాసినవారు మంచును కరగించిరి, వాయువును మార్చిరి, నాచును మొలిపించిరి, సముద్రములనే నింపిరి. కాని గ్రహము తన చుట్టు తాను తిరుగు తీరును ముట్టుకొనుటకు మాత్రము పెక్కురు జంకిరి. జంకుట న్యాయమే. గాలిని మార్చుట ఇంటికి సున్నము వేయుట వంటిదైనచో, భ్రమణమును మార్చుట ఇంటిని పునాదులతో పెకలించి మరొక దిక్కునకు త్రిప్పుట వంటిది. నారాయణఖేడు పదునెనిమిదవ అక్షాంశమునకు చేరువనున్నది కనుక, పెద్దమ్మ వాకిలియు, గుంజకు కట్టిన ఎద్దును, గంటకు సుమారు 1,590 కిలోమీటర్ల వేగముతో తూర్పునకు పోవుచున్నవి; గిన్నెలోని పిండి మాత్రము తొణకదు. పడవలో పోవువానికి ఒడ్డు వెనుకకు జరుగునట్లు తోచు తీరుననే నక్షత్రములు పడమటికి పోవునట్లు తోచుచున్నవని 499వ సంవత్సరమున ఇరువదిమూడేండ్ల ఆర్యభటుడు చెప్పగా, వరాహమిహిరుడంతటివాడు సహితము, భూమియే తిరుగునదైనచో గూడు విడిచిన పక్షి మరల గూటికెట్లు చేరునన్న ఆక్షేపణను విడువలేదు. ఆ పక్షిని తలచుకొన్నపుడెల్ల నాకు వరాహమిహిరునిపై గౌరవము పెరుగునే కాని తరుగదు. కన్నులకు కనబడనిదానిని అంత సులభముగా ఒప్పుకొనుట పండితలక్షణము కాదు.

మన భాషలో సూర్యుడును పొద్దే, కాలమును పొద్దే. పని లేనివాడు పొద్దు పోవుట లేదని విసుగుకొనును. శుక్రగ్రహమున ఆ మాట అక్షరసత్యమగును: అచట ఒక ఉదయమునుండి మరొక ఉదయమునకు మన లెక్కన సుమారు 117 దినములు పట్టును, అదియును పడమట పొడుచును. ఏకాదశినాడు ఉపవాసముండి, మరునాటి సూర్యోదయమున పారణ చేయుదమనుకొన్నవాని గతి ఏమి? అర్ఘ్యమునకు ఏ దిక్కునకు తిరుగవలెను? ఇది హాస్యమునకు అడిగినది కాదు. మన పంటయు ఈ తిరుగుడు మీదనే ఆధారపడియున్నది: దక్షిణమునుండి వచ్చు గాలి భూమధ్యరేఖను దాటగనే కుడికి మరలి నైరృతి ఋతుపవనమగుట భూభ్రమణమువలననే, ఖేడు నల్లరేగడిలోని కందియు, పెసరయు ఆ మలుపుకు ఋణపడినవి.

అంగారకుడు ఇంత నిర్దయుడు కాడు. అచటి దినము మన దినముకన్న రమారమి నలువది నిమిషములే ఎక్కువ. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 1992లో వెలువరించిన రెడ్ మార్స్ నవలలో, అచటి నివాసులు అర్ధరాత్రి గడియారములను ఆపివేసి, ఆ మిగులు పొద్దును ఏ లెక్కకును చెందని పొద్దుగా గడుపుదురు. మనకును ఇట్టి చిన్న సర్దుబాటు లేకపోలేదు: భారత కాలమానము 82.5 డిగ్రీల రేఖాంశమునకు కట్టినది కాబట్టి, మా ఊరి మధ్యాహ్నము సగటున గడియారముకన్న పందొమ్మిది నిమిషములు ఆలస్యముగా వచ్చును.

మన పూర్వులు వేరొక దినమునకు ఎన్నడును బెదరలేదు. సూర్యసిద్ధాంతము, మేరువుపైనున్న దేవతలకు ఆరునెలలు పగలు, ఆరునెలలు రాత్రి యనియు, చంద్రునిపైనున్న పితృదేవతలకు ఒక పక్షము పగలు, ఒక పక్షము రాత్రి యనియు లెక్కగట్టినది. 2023 ఆగస్టు 23న చంద్రునిపై వాలిన మన చంద్రయాన్-3, ఒక్క పితృదినపు పగలు మాత్రము పనిచేసి, రాత్రి రాగానే నిద్రించి, మరల మేలుకొనలేదు. 2007లో రంజాను మాసమున మలేషియా వ్యోమగామి షేక్ ముస్జఫర్ షుకూర్, దినమునకు పదునారు సూర్యోదయములు కనబడు అంతరిక్షకేంద్రమునకు బయలుదేరినపుడు, ఆ దేశపు మతపెద్దలు, నమాజు వేళలకు బయలుదేరిన చోటినే ప్రమాణముగా గొనవచ్చునని తీర్పు చెప్పిరి. ఊరు విడిచినవాడు ఊరి పొద్దును మూటగట్టుకొని పోవుటయన్న మాట.

కనుక దినము పెద్దదైనను చిన్నదైనను ధర్మమునకు చిక్కు లేదు. దినమే లేకపోవుట చిక్కు. మారన తెనిగించి, ప్రతాపరుద్రుని సేనానియైన గన్నయకు అంకితమిచ్చిన మార్కండేయపురాణమున, మనము సుమతి యని పిలుచుకొను ఇల్లాలు, సూర్యోదయమైనచో భర్త మరణించునను శాపము విని, పొద్దునే పొడువవలదని శాసించినది, పొడువలేదు. అపుడు దేవతలు భయపడినది చీకటికి కాదు. రేయింబవళ్ళు లేనిదే మాసము లేదు, ఋతువు లేదు, స్వాహాకారము లేదు. వేళ పోయినచో లోకమునకును తమకును నడుమనున్న వంతెన పోవునని వారనసూయకడకు పరుగెత్తిరి. భ్రమణమాగిన లోకమును గూర్చి ఇంతకన్న నిశితముగా తలపోసిన కథ నేనెరుగను.

ఇక అంతరిక్షమున అద్దములను, గొడుగులను నిలిపి, మందముగా తిరుగు గ్రహమునకు ఇరువదినాలుగు గంటల పగటిరేయిని కల్పింతమను కథకులున్నారు. నాకు సందేహము కలుగునది ఇచటనే. ఆ అద్దమును త్రిప్పువాడొక ఉద్యోగి. అతనికి జీతము, సెలవులు, పై అధికారి యుందురు. అతడు పంపిన వెలుగునకు ఎదురుగ నిలిచి దోసిలి పట్టినవాడు ఎవరికి నమస్కరించుచున్నాడు? పంచాంగకర్తయు, నమాజు వేళల పట్టిక అచ్చువేయువాడును పొద్దును ముందుగా చెప్పుదురేకాని తెప్పింపరు. సంధ్యకున్న బలమెల్ల అది మన సౌకర్యమును అడుగకుండ వచ్చుటలోనే యున్నదని నా మతము. పొద్దు మన చేతిలోని పనియైనచో, ఆలస్యమైన స్నానమునకు అది గంటసేపు ఆగును. ఆగునదానికి ఎవరును లేచి నిలువరు.

ఇదే రాబిన్సన్ 2012లో వెలువరించిన 2312 అను నవలలో బుధగ్రహముపై పట్టాలమీద నడచు నగరమొకటి కలదు. బుధునిపై ఒక సూర్యోదయమునుండి మరొకదానికి 176 దినములు. ఎండ 430 డిగ్రీల వరకు పోవును. వెనుకనుండి వచ్చు ఎండకు పట్టాలు సాగి నగరమును ముందునకు నెట్టుచుండగా, అది ఎన్నటికిని ఉదయపు అంచునే, నిత్యసంధ్యలో, పయనించుచుండును. మధ్యరేఖ వద్ద ఆ వేకువ గంటకు మూడున్నర కిలోమీటర్లకు కొంచెము మించి నడచును.

ఈ సంగతి పెద్దమ్మకు చెప్పితిని. 'గంతేనా? మన మేకలు గూడ అంతకన్న జెల్ది నడుస్తయి' అని నవ్వి, కొంతసేపాగి, 'అయితే ఆడ ఎప్పటికీ తెల్లారుజామేనా? మరి వాకిలి ఊడుస్తనే ఉండాల్నా?' అన్నది. అప్పటికే పొద్దు వేపచెట్టు మీదికి ఎక్కినది. ముగ్గు సగము మిగిలియుండెను.