మొదటి ఊహ, మొదటి స్థితి

మామిడికాయ వేడెక్కి పండుతుందా, పండబట్టి వేడెక్కుతుందా?

నన్ను ఈ మాట అడిగింది మా పెదనాన్న. చింతలపూడిలో ఆయనకి నాలుగెకరాల బంగినపల్లి తోట, గట్టు వెంబడి కొన్ని చిన్నరసాలు ఉన్నాయి. తెలుగు పండితుడిగా రిటైరయ్యాడు. తోటకి నీళ్ళు పెట్టడం మరిచిపోతాడేమోగాని, తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడేనని ఎదుటివాళ్ళకి గుర్తుచెయ్యడం మరిచిపోడు. నేను హైదరాబాద్‌లో సిమ్యులేషన్ ఇంజనీర్ని. ఆ వేసవిలో నా చేతిలో ఉన్న పని కాయలు మాగబెట్టే ఛాంబర్‌ది. గాలి ఎటు తిరుగుతుంది, క్రేట్ల మధ్య వేడి ఎక్కడ నిలుస్తుంది, ఇథిలీన్ ఏ మూలకి అందదు, ఇవన్నీ కట్టకముందే కంప్యూటర్లో చూడాలి. నేను చెప్పిందంతా విని ఆయన ఛాంబర్‌ని వదిలేసి కాయని పట్టుకున్నాడు.

కోసిన కాయ ఇంకా బతికే ఉంటుంది. ఊపిరి పీలుస్తుంది, లోపలి పిండిని, చక్కెరని ఖర్చు చేస్తుంది, ఆ పనిలో వేడి పుడుతుంది. చుట్టూ వేడి పెరిగితే ఊపిరి వేగం పెరుగుతుంది, 10 డిగ్రీలకి ఇంచుమించు రెట్టింపు. ఇథిలీన్ తగిలితే కాయ మాగడం మొదలవుతుంది, మాగుతున్న కాయ తనే ఇంకాస్త ఇథిలీన్ వదులుతుంది. (బయటినుంచి మనం పంపేది 100 పీపీఎం దాటకూడదని మన దేశపు ఆహార భద్రత నిబంధన. కార్బైడ్ సరేసరి, నిషేధమే, అయినా వేసవిలో దాని వాసన తెలియని ఊరు తక్కువ.) కాయ వదిలిన కార్బన్ డయాక్సైడ్ గదిలో పేరుకుంటే ఇథిలీన్ పని మందగిస్తుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది కాబట్టి వేడి గాలి దారిని మారుస్తుంది, గాలి దారి ఏ క్రేటు చల్లబడాలో తేలుస్తుంది. గాలికి ఒక సమీకరణం, వేడికి ఒకటి, వాయువులకి ఇంకొకటి. ఏ ఒక్కదాన్నీ మిగతావి తెలియకుండా తేల్చలేం. ఇలాంటి లెక్కని మా వృత్తిలో మల్టీఫిజిక్స్ అంటాం.

"ఇది అన్యోన్యాశ్రయం కదమ్మాయ్," అన్నాడు పెదనాన్న. "దీని మీద అది, దాని మీద ఇది ఆనుకుంటే రెండూ నిలబడవు. తర్కంలో దోషం."

దోషమే. ఆత్మాశ్రయం, చక్రకం, అనవస్థలతో పాటు న్యాయశాస్త్రం దీన్నీ ఆ జాబితాలోనే పెట్టింది. మరి నాకు జీతమిచ్చేది ఈ దోషమే. ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి కనక మేం ఊహతో మొదలుపెడతాం. గది అంతా 20 డిగ్రీలే అనుకుని గాలిని లెక్కగడతాం. ఆ గాలితో వేడిని, ఆ వేడితో కాయ ఊపిరిని, మళ్ళీ గాలిని. ఒక్కో చుట్టుకీ ఎంత తేడా మిగిలిందో చూసుకుంటూ, ఆ తేడా చెప్పుకోదగ్గది కానంత చిన్నదయ్యేదాకా తిప్పుతాం. దిద్దుబాటుని ఒకేసారి మొత్తం తీసుకోకుండా కొంత భాగమే తీసుకుంటాం, లేకపోతే లెక్క అటూ ఇటూ ఊగి చేయిజారుతుంది. గాలి ఒక్కదాని లోపల కూడా ఇదే చిక్కు ఉంది: ఒత్తిడి తెలిస్తే వేగం తెలుస్తుంది, వేగం తెలిస్తేగాని ఒత్తిడి తెలియదు. పుణెలో ఇంజనీరింగ్ చదివిన సుహాస్ పటంకర్, లండన్‌లో బ్రయన్ స్పాల్డింగ్ కలిసి 1972లో దీనికి దారి చూపించారు. ఒత్తిడిని ఊహించు, వేగం కట్టు, తప్పెంతో చూసి ఒత్తిడిని దిద్దు. దానికి సింపుల్ అని పేరు. రాత్రంతా కూర్చుని దాన్ని దారికి తెచ్చుకున్నవాళ్ళకి ఆ పేరు వింటే ఒళ్ళు మండుతుంది.

"మొదట 20 కాక 35 అనుకుంటే?" అన్నాడు.

"అదే జవాబు వస్తుంది పెదనాన్నా. నాలుగు చుట్లు ఎక్కువ పడతాయేమో."

"అంటే అబద్ధంతో బయల్దేరి నిజానికి చేరతారన్నమాట!" ఆయన ముఖంలో మెచ్చుకోలు లేదు.

నాకు మాత్రం అక్కడే ఏదో తెరుచుకుంది. నైయాయికులు ఈ దోషాన్ని ఒకే ముద్దగా చూడలేదు. పుట్టుకలో, నిలకడలో, తెలియడంలో అని మూడుగా విడదీశారు, ఉత్పత్తి, స్థితి, జ్ఞప్తి అని. నా సాఫ్ట్‌వేర్ చేసేదంతా తెలియడానికి సంబంధించిన పని. నేను ఏదో ఒకటి ముందు అనుకోక తప్పదు, కాయకి ఆ అవసరం లేదు. గదిలో గాలి, వేడి, ఊపిరి వంతులవారీగా ఒకదాని కోసం ఒకటి ఆగవు. లెక్క కుదిరాక నా మొదటి ఊహ జాడ కూడా అందులో ఉండదు. ‘ముందు ఏది’ అన్న ప్రశ్నలో చాలా భాగం లెక్కగట్టేవాడి ఇబ్బందేనని, వస్తువు ఇబ్బంది కాదని నాకు అనిపిస్తుంది.

అసలు ‘మల్టీ’ అన్నది కూడా మనం చేసిన విభజనే. కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం కొండమీద గుంటుపల్లి గుహలు చూసినవాళ్ళకి గుండ్రటి చైత్యం గుర్తుండే ఉంటుంది. లోపల స్తూపం, దాన్నే ఊరివాళ్ళు శివలింగంగా కొలుస్తారు. తల ఎత్తితే పైకప్పులో వాసాలు. కలపతో కట్టిన గుడిసెలో ఉన్నట్టే ఒక్కో వాసం విడిగా తెలుస్తుంది, కాని అవి దేన్నీ మొయ్యవు. కొండ అంతా ఒకటే రాయి, వాసాలు ఉలి గీసినవి. నేను గాలి, వేడి, రసాయనం అని గీసే గీతలూ అలాంటివే. గదిని లక్షల చిన్న గళ్ళుగా కోసే మా మెష్ కూడా అంతే. గుడివాడలో పుట్టిన అట్లూరి సత్యనాథం గారు 1998లో మెష్ అక్కర్లేని పద్ధతిని ముందుకు తెచ్చారు, ఆ గీతలు లెక్క సౌకర్యానికేనని నాకు బాగా తెలిసింది అది చదివాకే. నాగార్జునుడు మధ్యమకకారికల్లో అగ్నినీ ఇంధనాన్నీ పట్టుకుని, అవి ఒకటే అన్నా కుదరదు, వేరన్నా కుదరదు అని తిప్పి తిప్పి అడిగింది కూడా ఇలా విడదీసి పేరుపెట్టే అలవాటునే అనుకుంటాను.

అయితే ఇక్కడితో తేలిపోయిందనుకుంటే పొరపాటు. తడి ఆరని గడ్డిని వామి వేస్తే లోపల వేడి పుడుతుంది, ఆ వేడి కుళ్ళడాన్ని పెంచుతుంది, ఒక్కోసారి వామి తనంతట తనే అంటుకుంటుంది. ఆ సమీకరణాలకి నిలకడైన జవాబులు రెండు ఉండొచ్చు, చల్లగా నిలిచేది ఒకటి, మండిపోయేది ఒకటి. ఏది జరుగుతుందన్నది వామి ఏ వేడితో మొదలైందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇది నా ఊహ కాదు, వామి స్థితి. మొదటి ఊహ చెరిగిపోవచ్చుగాని మొదటి స్థితి చెరగదు. పుట్టుక గురించిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

శంకరుడికీ ఇదే చిక్కు వచ్చింది. కర్మ వల్ల శరీరం, శరీరం ఉంటేగాని కర్మ లేదు. మరి సృష్టి మొదట్లో ఏ కర్మ? బ్రహ్మసూత్ర భాష్యంలో ఆయన, సంసారం అనాది, విత్తనం మొలక లాగా అంటాడు. ఆయన గురువుకి గురువైన గౌడపాదుడు మాత్రం మాండూక్యకారికల్లో ఆ దృష్టాంతాన్నే తోసిపుచ్చాడు, నిరూపించాల్సినదాన్నే ఉదాహరణగా తెస్తున్నారని. మా నూజివీడు వైపు రైతునడిగితే ఇంకో చిక్కు పెడతాడు: బంగినపల్లిని టెంక నాటి పెంచేదెవరు? అంటు కడతారు. వేరు ఒక చెట్టుది, కొమ్మ ఇంకో చెట్టుది. ఇందులో విత్తనం ఏది, మొలక ఏది?

పెదనాన్నకి లాప్‌టాప్‌లో ఇనిషియల్ వాల్యూస్ గడి చూపించాను. నేను వాడే కామ్సోల్ సాఫ్ట్‌వేర్‌లో ఉష్ణోగ్రత గడిని ముట్టుకోకపోయినా 293.15 కెల్విన్, అంటే 20 డిగ్రీలు, ముందే కూర్చుని ఉంటుంది.

"చూశావా, ఎవరో వేసి పెట్టారు," అన్నాడాయన. పదో శతాబ్దపు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ణి నిరూపించడానికి ఎత్తుకున్న మొదటి హేతువు కూడా ఈ దారిదే: జగత్తు కార్యం గనక కర్త ఉండి తీరాలి.

నేను ఒప్పుకోలేదు. ఆ సున్నా నిమిషం నేను ఎంచుకున్నది. క్రేట్లు గదిలోకి ఎక్కిన క్షణాన్ని మొదలు అన్నాను. అంతకుముందు అవి ట్రాక్టర్‌లో ఎండలో ఉన్నాయి, దానికి ముందు కొమ్మ మీద. ప్రతి మొదటి విలువ వెనకా ఇంకో లెక్క ఉంటుంది. అలాగని శంకరుడి అనాదిని కూడా నేను చేత్తో తాకలేను, ఎంత వెనక్కి జరిగినా అక్కడ మళ్ళీ ఒక గడి నింపక తప్పట్లేదు. నింపకుండా నడిచిన లెక్కని నేను చూడలేదు. కాబట్టి నేను ప్రస్తుతానికి గౌడపాదుడి పక్కన కూర్చున్నాను. ఆయన దేన్నీ నిలబెట్టమని కాదు, ఉదాహరణని ముందు నిరూపించుకు రమ్మన్నాడు గనక.

పెదనాన్నకి ఇది తప్పించుకోవడంలా అనిపించింది. ఉదయనుడి రెండో హేతువు ఆయోజనం, పరమాణువులు తొలిసారి కదిలి ఒకటవడానికి చేతనుడొకడు కావాలని. కాయ కోతలయ్యాక తీరిగ్గా దాని సంగతి చూద్దాం, అప్పటికి నీ మెషీన్‌లో పరమాణువులు కూడా పెట్టుకు రా అన్నాడు.