శేషాయువు – శేషత్వము



పిడికిలి పరిమాణము గల మన గుండె దినమునకు దాదాపు లక్షసార్లు కొట్టుకొనును. మనము నిద్రించుచున్నను, పరనింద చేయుచున్నను అది విశ్రమింపదు. దానికి రక్తము నందించు నాళములలో కొవ్వు పేరుకొని, దానిపై రక్తము గడ్డకట్టి దారి మూసికొనిపోయినచో, ఆ భాగమునందలి కండరము ప్రాణవాయువు అందక నశింపసాగును. దీనినే గుండెపోటు అందురు. ఈ ఆపదనుండి బయటపడి ఇల్లు చేరిన గృహస్థులు నేడు ప్రతి ఊరను కలరు. వారి దృష్టి ఇక ఎటు మరలవలెను? ఇదియే నేటి విచారణ.

ఆసుపత్రినుండి వచ్చినవానిని రెండు భావములు ఆవరించును. మొదటిది భయము. అరుగుమీద కూర్చుండి తన నాడిని తానే లెక్కించుకొనును. రాత్రి కన్ను మూయుటకే జంకును. రెండవది, “నా పూజలు ఫలించినవి, అందుకే స్వామి నన్ను కాపాడినాడు” అను తలంపు. కృతజ్ఞత మంచిదే. కాని ప్రక్క మంచముమీది రోగి తిరిగి రాలేదే! ఆయనయు నుదుట నామము ధరించినవాడే. ఆయన ఇల్లాలును శనివారములు ఉపవసించినదే. స్వామి ఆయనను విడిచెనని చెప్పగలమా? పరీక్షిన్మహారాజు శాపవశమున ఏడు దినములకే శరీరము విడిచెను. ఆయన అనుగ్రహపాత్రుడు కాడని ఎవ్వరనగలరు? బ్రతుకుట అనుగ్రహమునకు కొలబద్ద కాదు. కావున బ్రతికినవాడు “స్వామి నన్నే ఏల కాపాడెను?” అను ప్రశ్నను విడిచి, “ఈ మిగిలిన ఆయువు ఎవరిది?” అని విచారింపవలెను.

మిగిలినదానికి శేషమని పేరు. మన సంప్రదాయమున ఈ పదమునకు మరియొక అర్థము కలదు. పరునికి అతిశయము కలిగించుటకే ఏది ఉన్నదో అది శేషమనియు, ఆ పరుడు శేషియనియు భగవద్రామానుజులు వేదార్థసంగ్రహమున వివరించిరి. జీవుడు శేషభూతుడు, శ్రీమన్నారాయణుడు శేషి. స్వామికి శయ్యగను, ఆసనముగను, ఛత్రముగను అమరిన అనంతునికి ఆదిశేషుడను పేరు ఎంత తగియున్నదో చూడుడు! శేషాయువును శేషత్వముగా గ్రహించుటయే ఈ వ్యాధి నేర్పు పాఠము. వ్యాధికి ముందును ఆయువు మనది కాదు. గుండె ఒక్కసారి తడబడినప్పుడు, ఆ దస్తావేజు మన పేర లేదని తెలిసినది, అంతే.

ఇది తెలిసినవాని నడవడి ఎట్లుండవలెను? మొదట శరీరము సంగతి. ఇతరుల సొత్తును భద్రపరచువాడు దానిని పాడుచేయరాదు. “అంతయు స్వామియే చూచుకొనును” అని మందులు మానుట భక్తి యనిపించుకొనదు. మాత్రలు వేళకు వేసికొనుట, పొగత్రాగుట మానుట, ఉప్పు తగ్గించుట, ఇవన్నియు వ్రతనియమములవంటివే. ఏకాదశి ఉపవాసమును వైద్యుని అడిగియే చేయవలెను. అలిపిరి మార్గమున మెట్లు సుమారు 3,550. హృద్రోగులు నడచి ఎక్కవద్దని దేవస్థానమువారే సూచించియున్నారు. బస్సులో వచ్చిన భక్తుని స్వామి వెనుకకు పంపడు.

రెండవది కాలము. ఖట్వాంగ మహారాజు తన ఆయువు ముహూర్తకాలమే యని తెలిసికొని, ఆ 48 నిమిషములలోనే మనస్సును హరియందు నిలిపెను. గుండెపోటు వచ్చినప్పుడు మొదటి గంట అమూల్యమని వైద్యులును చెప్పుదురు. ఛాతీలో బరువు, చేతికో దవడకో ప్రాకు నొప్పి, చెమటలు కలిగినచో, అజీర్ణమేమో యని తెల్లవారువరకు ఆగరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. దివ్యదేశముల సంఖ్యయు అదియే గదా, వైష్ణవులకు గుర్తుంచుకొనుట కష్టము కాదు!

మూడవది మనుష్యులు. పొలము గట్టు తగాదాతో ఏండ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు కలరు. ఆయువు స్వామిదైనప్పుడు దానిని పగకు వెచ్చించు అధికారము మనకెక్కడిది? అట్టివాడు తానే తమ్ముని గడప తొక్కవలెను. ఇన్నాళ్ళు అందరిపై అధికారము చేసినవాడు, ఇప్పుడు భార్యాబిడ్డల సేవను విసుగులేక స్వీకరించుటయు నేర్వవలెను.

ఇక మిగిలినది ఆ భయము. “మరల పోటు వచ్చి, ఆ బాధలో నామము నోట రాకపోయినచో నా గతి ఏమి?” తిరుమలలో స్వామిపుష్కరిణి గట్టున వెలసిన వరాహస్వామిని ముందుగా దర్శించుట ఆచారము. ఈ భయమునకు సమాధానము ఆ స్వామి భూదేవికిచ్చిన అభయమందే కలదు. దానినే పెద్దలు వరాహచరమశ్లోకమందురు. మనస్సు స్వస్థముగా నున్నప్పుడు తన్ను తలచిన భక్తుడు, అవసానమున కట్టెవలె, రాయివలె పడియున్నను, తానే వానిని స్మరించి పరమపదమునకు చేర్చెదనని దాని తాత్పర్యము. అప్పటి స్మరణభారము స్వామిది. తెలివి గలిగిన ఈ దినమున తలచుకొనుట మాత్రమే మన వంతు. కావున నాడి లెక్కించు ఆ చేతితో జపమాల పట్టుడు. నిశ్చింతగా నిద్రింపుడు.

అలమేలుమంగను వక్షఃస్థలమున ధరించిన శ్రీనివాసుడు, గుండె నొచ్చినవారికెల్ల ధైర్యమును, వారిని కోల్పోయిన కుటుంబములకు ఊరటను, మనకందరకు శేషత్వజ్ఞానమును ప్రసాదించుగాక!