కారుచోటు వేరు, చిల్లిచోటు వేరు

ధ్యాన భాగములు: కీర్తనలు 139:23, 24, మత్తయి 5:23, 24



మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అనగా 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని మర పడవలు సముద్రపు వేటకు పోరాదు. జాలరులు వలలు బాగుచేసికొనుటకును, ఇంజన్లు విప్పి చూచుకొనుటకును దొరకు సమయమిదియే.

2023 మే నెలలో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక సహోదరుని పడవలో ప్రార్థన చేయుటకు రేవునకు పోతిని. అతడు పడవ అడుగున చేరిన నీటిని బకెట్టుతో తోడిపోయుచుండెను. “పొద్దున్నే తోడాను అయ్యగారూ, మళ్లీ చేరింది. పంపు దగ్గర కారుతోంది. క్లిప్పు మూడుసార్లు బిగించాను” అని చెప్పెను.

పడవ అడుగునున్న రంధ్రము గుండ ఒక రబ్బరు గొట్టము బయటి నీటిని పంపునకు తెచ్చును. పంపు ఆ నీటిని ఇంజనులోనికి త్రోయగా, అది వేడిని తీసికొని ప్రక్కనుండి బయటికి పోవును. ఆ గొట్టము తెగినయెడల కీడులు రెండు: ఇంజను మాడిపోవును, పడవ నీటితో నిండును.

అతని మేనల్లుడు మెకానిక్కు, సన్నని పిల్లవాడు. ఇంజనుకును పడవ ప్రక్కకును నడుమ జానెడు సందులో వాడు ప్రక్కకు తిరిగి దూరెను. తల ఎత్తుటకు చోటు లేదు. మొదట పొడిగుడ్డతో గొట్టమంతయు తుడిచి, దాని క్రింద పొడుగునా కాగితపు ముక్కలు పరచి, ఏది ముందు తడియునో కనిపెట్టెను. పంపు దగ్గరి కాగితము పొడిగానే యుండెను. వెనుక నున్నది తడిసెను. “కన్ను పోనిచోట చెయ్యే చూడాలి” అనుచు వ్రేళ్లతో తడిమెను. గొట్టము ఒక అడ్డచెక్కను ఎక్కి దిగుచోట, ఇంజను అదురునకు రబ్బరు ఒరసికొని అరిగి చిట్లియుండెను. అచ్చట పుట్టిన నీరు గొట్టము వెంబడి జారి పంపు దగ్గర చుక్కలుగా పడుచుండెను. మామ బిగించిన క్లిప్పులో ఏ దోషమును లేదు!

వాడు అడుగు వాల్వు మూసి, పాత గొట్టము తీసి క్రొత్తది వేసి, ప్రతి కొసను రెండేసి క్లిప్పులు బిగించి, చెక్కకును గొట్టమునకును నడుమ దళసరి రబ్బరు ముక్క నుంచెను. పిమ్మట వాల్వు తెరచి ఇంజను నడిపించి, అరగంటసేపు ఆ సందులోనే పండుకొని చూచెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా సంఘములో రెండు కుటుంబములు బల్లయొద్దకు కలిసి రావు. నేను రెండేండ్లుగా సమాధానమునుగూర్చి ప్రసంగించుచుంటిని; ఒకే క్లిప్పును మరల మరల బిగించుచుంటిని. దావీదువలె నన్ను పరిశోధించుమని దేవుని వేడుకొనగా, ఒక మాట జ్ఞాపకమునకు వచ్చెను. ఆ కలహమునకు ముందు, ఒక యింట భోజనము చేయుచు, రెండవ యింటివారినిగూర్చి తేలికగా ఒక మాట అంటిని. అది వారి చెవినిబడెను. చిల్లి నా నోట నుండెను.

కానుకను బలిపీఠము నెదుట విడిచి మొదట సహోదరునియొద్దకు వెళ్లుమని ప్రభువు ఆజ్ఞాపించెను. ఇతరులకు ఎన్నోసార్లు బోధించిన ఆ మాటకు నేనే లోబడవలసివచ్చెను. వారి గుమ్మము చాల ఇరుకుగా తోచెను. క్షమించుమని అడుగగా ఆ పెద్దమ్మ చాలసేపు మాటాడలేదు. తరువాత, “కూర్చోండి అయ్యగారూ” అనెను. ఆనాడు అంతే జరిగెను. ఆ రెండు కుటుంబములు ఒకే ఆదివారమున బల్లయొద్దకు వచ్చుటకు ఇంకను ఐదు నెలలు పట్టెను. అంతవరకు నేను కనిపెట్టుకొని యుండవలసివచ్చెను.

ప్రియులారా, మీ గృహములో చుక్కలు పడుచోటు అందరికిని తెలియును. తోడుటలో అలసియున్నారా? నేడు మోకరించి మొదట మీ హృదయమునే తడిమి చూడుడి. అచ్చట చిల్లి కనబడినయెడల, దానిని బాగుచేయు ప్రభువు మీతోకూడ ఆ ఇరుకులోనికి వచ్చును.

ప్రార్థన: ప్రభువా, మేము దాచుకొన్న చోటులను నీ చేతితో ముట్టుము. వెళ్లవలసిన గుమ్మమునకు వెళ్లు ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.