ఆఖరి తేనె తీశాక

తేనె ఎలా తీయాలో మన పిల్లలకు నేర్పేవాళ్లు ఇంకా ఉన్నారు. తీసిన తర్వాత ఈగల పట్ల మన బాధ్యత ఏమిటో చెప్పేవాళ్లు తగ్గిపోయారు. ఎండాకాలం చివర ఆఖరి తేనె తీసి, పెట్టెకు మూత పెట్టి, సీసాలు నింపుకోగానే మన పని అయిపోయినట్టేనా? ఆదివాసులుగా, బడిలో పాఠం చెప్పేవాళ్లుగా మేము అడుగుతున్న ప్రశ్న ఇది.

చుండూరు చుట్టుపక్కల అడవి లేదు. కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల కింద కనుచూపు మేర వరి. ఇక్కడి మా యానాదులకు తేనె అంటే కాలవ గట్టు మీది పొదలో జుంటి తేనె, చెట్టు తొర్రలో పుట్ట తేనె. ఆ తొర్రలో ఉండే ఈగనే చెక్కపెట్టెలోనూ పెంచుతారు. కొండ చరియలకు పెద్ద పట్టు పట్టే ఈగ వేరు. అది పెట్టెలో ఇమడదు.

ఈ నేల మీద ఈగకు ఏడాది ఎలా గడుస్తుందో చూద్దాం. ఉగాది వేళకు వేప పూస్తుంది. ఆ వెనకే కానుగ. ఆ పూతల మీద పెట్టెలో తేనె నిండుతుంది. తొలకరి పడితే లెక్క మారుతుంది. ముసురు రోజుల్లో ఈగ గూడు దాటలేదు. పూసిన పూవులోని మకరందం కూడా వానకు కొట్టుకుపోతుంది. నాట్లు పడ్డాక ఊరంతా పచ్చగా ఉంటుంది గానీ వరి వెన్నులో మకరందం ఉండదు. మన కంటికి పంట, ఈగకు కరువు. ఆ కరువు కోసమే అది ఎండలో తిరిగి దాచుకుంది. కాబట్టి ఆఖరిసారి మన చేతికి వచ్చేది వాటి మిగులు మాత్రమే కాదు, వానాకాలపు తిండి కూడా.

తెలిసిన పెంపకందారు ఏం చేస్తాడు? పై అరలో మైనం మూతలు వేసిన తేనె మాత్రమే తీస్తాడు. పిల్లలుండే కింది అర జోలికి పోడు. ఈగలు కప్పలేని ఖాళీ తుట్టెలను తీసేస్తాడు, లేకపోతే మైనపు పురుగు చేరుతుంది. పెట్టె కాళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టి చీమలను ఆపుతాడు. ద్వారం చిన్నది చేస్తాడు. వారం పది రోజులకోసారి పెట్టె బరువు చూస్తాడు. తేలికైతే పంచదార, నీళ్లు సమంగా కలిపిన పాకం సాయంత్రం పూట లోపలే పెడతాడు. బయట ఒలికితే పక్క పెట్టె ఈగలు దోపిడీకి వస్తాయి. ఇవేవీ చేయకపోతే మన ఈగ ఎదురు తిరగదు. ఒకరోజు గూడు వదిలి మొత్తంగా లేచిపోతుంది.

పాకం పోస్తున్నాం కదా, ఇక ఎంత తీస్తే ఏం అని కొందరు అంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తేనె ధర ఎక్కువ, పంచదార ధర తక్కువ. ఆ తేడా మన జేబులోకి వస్తుంది. పాకంతో పెద్ద ఈగ ప్రాణం నిలబడుతుంది గానీ, పుప్పొడి లేకుండా పిల్లలు ఎదగవు. కరువులో పాకం పోయడం సాయమే. ఉన్నదంతా ఊడ్చుకుని పాకం పోసి, దాన్ని దయ అనుకోవడం మాత్రం తప్పు.

ఈ మార్పిడి మనకు కొత్త కాదు. అడవిని తీసుకుని, చెరువును తీసుకుని, బదులుగా రేషన్ బియ్యం ఇచ్చినప్పుడు మనకు ఏమనిపించింది? ఆ బియ్యం మన ఆకలి తీర్చింది, కాదనం. అయినా పోయినదానికి అది జవాబు కాదు. మన విషయంలో అన్యాయం అన్నదాన్ని, ఈగ విషయంలో తెలివి అని పిల్లలకు చెప్పగలమా?

ఇంట్లో గింజలు లేనివాణ్ణి తేనె వదులుకోమనడం న్యాయమా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. చుట్టూ చేలలో పురుగుమందు కొట్టేవాళ్లను ఎవరూ అడగకుండా, పేదవాడికే ధర్మం చెప్పడం సులువు. అందుకే మేము తీయవద్దనడం లేదు, కొలత పెట్టుకోమంటున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి మనకు హక్కు ఇచ్చింది. అదే చట్టం అడవిని, జీవాలను కాపాడే బాధ్యతనూ మన చేతిలో పెట్టింది. అడవి లేని చుండూరులో ఆ హక్కుకు పట్టా రాదు. బాధ్యతకు పట్టా అక్కర్లేదు.

నల్లమల చెంచులు కొండ అంచు నుంచి తాడు మీద దిగి తేనె తీస్తారు. పైన తాడు దగ్గర బావమరిదిని ఉంచడం వాళ్ల ఆనవాయితీ. అక్కచెల్లెళ్ల బతుకు ఆ తాడుకే వేలాడుతుందని అతనికి తెలుసు. తేనె బుట్ట పైకి వచ్చినా అతని పని అయిపోదు. కింద ఉన్న మనిషి పైకి చేరేదాకా చెయ్యి వదలకూడదు. పెట్టెలో ఈగను పెంచేవాడు కూడా అలా తాడు పట్టుకున్నవాడే. వానాకాలం గడిచేదాకా వదలకూడదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. తేనె మీద లెక్క ఇచ్చేటప్పుడు ఎన్ని కిలోలు తీశారు, కిలో ఎంతకు అమ్మారు అని ఆపకండి. పెట్టెలో ఎంత ఉంచారు అని కూడా అడగండి. ఆ లెక్క రాని పిల్లవాడికి తేనె తీయడం ఇంకా రానట్టే.